గురువులు కొన్న సముద్రం

గురువులుకు బస్సు పడదు. పొట్టకూటికి వలసొచ్చి, బెంగాలీల భవానీపూర్‌లో చెత్తబండి తోలుతూ ఏ కంపుకీ చలించని ఆ మహానుభావుడు, దూరపు బస్సెక్కితే మాత్రం వేవిళ్ళ మనిషిలా వేలాడిపోతాడు.

భార్య సన్యాసమ్మది కళింగపట్నం దగ్గర సముద్రపొడ్డు పల్లె. దీఘా తీసుకెళ్ళి ఒక్కసారి సముద్రం చూపించమని పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతోంది. ఈసారి దుర్గాపూజ సెలవులకి తప్పదని భీష్మించుకునేసరికి గురువులు గుండెల్లో రాయి పడింది.

ఆదివారం మైదానంలో పార్టీ సభకని బయల్దేరి, సగం దారిలో జారుకుని, ఫ్రేములు కట్టే దుకాణంలో దూరాడు. సముద్రం బొమ్మ కావాలన్నాడు. దుకాణదారు గోడ మీంచి ఒకటి దించాడు. నీలం మీద నీలం, మధ్యలో ఒక తెల్లగీత. పడవ లేదు, కెరటమైనా లేదు.

"ఇందులో సముద్రమేదీ, దాదా?"

"ఇదే. గొప్ప చిత్రకారుడి బొమ్మకి అచ్చు. మోడర్న్ ఆర్ట్. రోజూ చూస్తుంటే కనిపిస్తుంది."

రోజూ చూడాల్సింది సన్యాసమ్మే కదా అని గురువులు ధైర్యంగా కొనేశాడు.

ఆమె బొమ్మని చాలాసేపు చూసింది. తిట్లు మొదలైతే పారిపోదామని అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తెల్లారగట్ట మంచులో మా సముద్రం ఇలగే ఉంటాది," అంది సన్యాసమ్మ. అద్దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఇంటికి గంగమ్మ వచ్చింది.

ఉన్నది ఒకటే గది. గంగమ్మ వైపు కాళ్ళు చాపకూడదని ఆమె మంచం తిప్పేసింది. మంచం తలుపుకి అడ్డం పడింది. గురువులు దాని కిందనుంచి పాక్కుంటూ డ్యూటీకి వెళ్ళేవాడు. పోనీలే, దీఘా గండం గడిచింది కదా అని సంబరపడ్డాడు.

పూజ సెలవులు రానే వచ్చాయి.

"గంగమ్మని ఏడాదికోపాలి సముద్రం కాడికి తీసుకెళ్ళి నీళ్ళు సల్లాల. మా అమ్మ అలగే సేసేది. బేగి ఎత్తుకో, బస్సెక్కుదాం," అంది సన్యాసమ్మ.

గురువులు ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కడుపులో తిప్పినప్పుడల్లా తల వంచితే అద్దం మీద కుంకుమ బొట్టు కనిపించేది. గంగమ్మ మీద కక్కి బతికి బట్టకట్టినవాడెవడు? పళ్ళు బిగించి దీఘా దాకా ఓర్చుకున్నాడు.

సన్యాసమ్మ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, నవ్వుతూనే ఏడ్చింది. ఆమెనలా చూసి గురువులుకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఎందుకు తీసుకురాలేదా అని మనసు కలుక్కుమంది. ఆ మాట నోటిదాకా వచ్చేలోపే ఆమె ఇటు తిరిగింది.

"దారంతా ఒక్కపాలయినా కక్కినావేటి? గంగమ్మ ఒళ్ళో ఉంటే నీకేటీ కాదు. ఏడాదికోపాలి సాలదయ్యా, నెలకోపాలి వొద్దాం."