లావు రాడ్లు ఏ దిక్కు

ఇది చాలా ఏళ్ల కిందటే రాయాల్సింది. అప్పుడు నాకు అక్షరాలు రావు. ఎవరితోనైనా రాయించుకుందామంటే, ముందు వాళ్లకు నోటితో చెప్పాలి. ఆ నోరే పెగల్లేదు. యాభై దాటాక మా సంఘం గదిలో మధ్యాహ్నం పూట చదువు చెబుతుంటే వెళ్లి నేర్చుకున్నాను. నేర్చుకుని రెండేళ్లయింది. మరి ఈ రెండేళ్లూ ఎందుకు రాయలేదు? చదువు రాదన్న సాకు పోయాక భయం ఒక్కటే మిగిలింది. దాన్ని మోయడం సాకును మోసినంత తేలిక కాదు.

మాది గరిడేపల్లి దగ్గర పల్లె. ఇరవై ఏళ్లు ఇళ్లు కట్టే పనుల్లో తట్ట మోశాను. పనిలో చేరిన కొత్తలో ఆడవాళ్లలో చదువొచ్చినవాళ్లు ఎవరని మేస్త్రీ అడిగాడు. నేను చెయ్యెత్తాను. ఐదు దాకా చదివానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చదువొచ్చిన మనిషితో మేస్త్రీ కాస్త మెత్తగా మాట్లాడేవాడు, అంతే. కొన్నాళ్లకు ఆడకూలీలకు నన్నే పెద్దను చేశాడు. ఆ తరువాత ఆ అబద్ధాన్ని దింపుకునే చోటు దొరకలేదు.

మాతో సైదులు అని ఒకతను పనిచేసేవాడు. పిల్లర్లకు, స్లాబులకు రాడ్లు కట్టడం అతని పని. నాకన్నా పదేళ్లు చిన్న. నన్ను అక్కా అనేవాడు. అతను కట్టిన కట్టు చూసి ఇంజనీర్లు కూడా ఏమీ అనకుండా ముందుకు నడిచేవాళ్లు. కూలీలు పని కోసం నిలబడే కోదాడ అడ్డా మీద పొద్దున్నే మేస్త్రీలు అతని కోసం వెతుక్కునేవారు.

అప్పుడు మిర్యాలగూడలో ధాన్యం వ్యాపారం చేసే ఒకాయన ఇల్లు కడుతున్నాం. కింద దుకాణం, రోడ్డు మీదికి పొడుగ్గా బాల్కనీ. మామూలుగా పిల్లర్‌కు అన్ని వైపులా ఒకే లావు రాడ్లు వేస్తారు, ఎటు తిప్పి నిలబెట్టినా ఒకటే. ఈ ఇంటి ముందరి రెండు పిల్లర్లు అట్లా కావు. ఇంజనీరు సారు కాగితం మీద ఒక వైపు లావు రాడ్లు, ఇంకో వైపు సన్నవి గీశాడు. సైదులు అలాగే కట్టి, ఒక్కో వైపు ఒక్కో అట్ట ముక్క మీద మాట రాసి బైండింగ్ వైరుతో ముడేశాడు. మర్నాడు అతనికి కోదాడలో స్లాబు పని. అట్టల మీద చూసి నిలబెట్టించమని నాకు చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు ఇద్దరు మనుషులు ఆ రాడ్ల కట్టును ఎత్తి పట్టుకుని, ఏ దిక్కమ్మా అని అడిగారు. నేను అట్ట దగ్గరికి వంగాను. చదివేవాళ్లకు ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాను. పెదాలు కూడా కదిపాను. అప్పుడు నా బుర్రతో నేనే ఆలోచించాను. బాల్కనీ రోడ్డు వైపు. బరువు అటే. బరువున్న చోట బలం ఉండాలి. లావు రాడ్లు రోడ్డు దిక్కు పెట్టమన్నాను. అట్టలు కాంక్రీటులో పడకుండా ఊడదీసి, లావు దిక్కువి ఒక ముడి, సన్న దిక్కువి ఒక ముడి వేసి కొంగున కట్టుకున్నాను. సాయంత్రానికి పోత అయిపోయింది.

తెల్లారి సైదులు వచ్చాడు. స్లాబులోకి పోవడానికి పైకి వదిలిన రాడ్లను కింది నుంచే చూసి ఆగిపోయాడు.

"అక్కా, లావు రాడ్లు రోడ్డు దిక్కు ఉన్నయేంది?"

"బరువంత ఆ దిక్కే కద తమ్మీ."

అతను నవ్వాడు. "నువ్వు నీళ్ల బిందె కుడి సంకల పెట్టుకుంటే నీకు ఏ దిక్కు గుంజుతది?"

నా చెయ్యి దానంతటదే ఎడమ పక్కటెముకల మీదికి పోయింది.

"గంతే. పిల్లర్‌కు గూడ గంతే. బాల్కనీ బిందె అనుకో. అది రోడ్డు దిక్కు వంచుతాంటే ఇంటి దిక్కు గుంజుతది. కాంక్రీటు ఎంత నొక్కినా ఓర్సుకుంటది గని గుంజితే పలుగుతది. గుంజే కాడ ఇనుముండాలె." అప్పుడు అతని నవ్వు ఆగింది. "లావు దిక్కు అట్ట మీద లోపల అని రాసిన గద అక్కా. సూడలేదా?"

ఎన్నో ఏళ్లు బిందె మోసిన ఒళ్లు నాది. ఆ మాట అట్ట మీద చదవక్కర్లేదు, నా నడుమును అడిగినా చెప్పేది. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. చదువు రాదు తమ్మీ అంటే సరిపోయేది. మూడు మాటలు.

"సూసిన. బయట అనే ఉంది. నువ్వు రాసినట్టే నిలబెట్టిపిచ్చిన."

"అట్టలేవి?"

"పొయ్యిల ఏసిన."

అట్టలు అప్పుడు నా కొంగులోనే ఉన్నాయి.

అతను తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "బయట అని రాసిన్నా?" అన్నాడు. నన్ను కాదు, తన చేతిని అడిగినట్టు. తరువాత తనే వెళ్లి ఇంజనీరు సారుకు తప్పు తనదేనని చెప్పాడు.

సారు కోప్పడలేదు. పైన ఇంకో రెండు అంతస్తులుంటే ఆ బరువు పిల్లర్‌ను నిలువునా నొక్కి ఆ గుంజుడును చాలావరకు అణిచేదని, ఈ ఇంటికి పైన బరువు తక్కువ, వంపు ఎక్కువ కాబట్టి వదిలేయలేమని చెప్పాడు. రెండు పిల్లర్లూ పగలగొట్టించాడు. సైదులే సమ్మెట పట్టాడు. ఆ ముక్కలు నేను తట్టకెత్తి మోశాను. మధ్యాహ్నం అందరూ తింటుంటే పొయ్యి దగ్గర అట్టలు విప్పి చాలాసేపు చూసి, మంటలో వేశాను. పక్కన ఎవరో ఉల్టా సైదులు అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మొత్తంలో రాయడానికి నాకు అన్నిటికన్నా కష్టమైన మాట అదే.

ఆ పేరు అతన్ని వదల్లేదు. పేరుతోనే పోతే బాగుండేది. అతను తన రాతను తనే నమ్మడం మానేశాడు. ఒక్క మాట రాసి ముగ్గురికి చూపించేవాడు. కట్టిన కట్టు విప్పి మళ్లీ చూసుకునేవాడు. పని నెమ్మదించింది. మేస్త్రీలు పిలవడం తగ్గించారు. చివరికి మిర్యాలగూడలోనే ఒక రైసు మిల్లులో బస్తాలెత్తే పనికి కుదిరాడని తెలిసింది. అంత సన్నని పని తెలిసిన చేతులు.

ఇన్నేళ్లు నేను ఎట్లా బతికాను? ఒక చిన్న అనుమానం పట్టుకుని బతికాను. నాకు చదువు రాదు, నిజమే. కానీ అతనే తప్పు రాసి ఉండొచ్చు కదా. ఎవరు చూశారు? నేను చదవకుండానే చెప్పినా అట్ట మీద ఉన్నది అదే కావచ్చు కదా.

చదువు నేర్పే అమ్మాయి ఒకరోజు బోర్డు మీద వ్యతిరేక పదాలు రాసింది. పగలు, రాత్రి. పైన, కింద. తరువాత ఇంకో జంట. అందులో మొదటి మాట చూసి నా చేతిలో బలపం ఆగిపోయింది. మొదటి అక్షరం, చివరి అక్షరం ఒకే ఒళ్లు. మొదటిదాని నెత్తిన ఒక మెలిక, అంతే తేడా. పొయ్యి దగ్గర నేను అంతసేపు చూసిన ఆకారం అది. లావు రాడ్ల వైపు కట్టిన అట్ట. ఇదేం మాటమ్మా అని అడిగాను. లోపల, అంది.

అతను సరిగ్గానే రాశాడు. నాకు దాక్కోవడానికి ఇక ఏ అనుమానమూ మిగల్లేదు. అయినా రెండేళ్లు ఆగాను. చదువు మనిషిని మారుస్తుందంటారు. నన్ను అది మార్చలేదు, చూపించింది.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఈ పొద్దున మొదటి బస్సుకు కోదాడ వెళ్లాను. అతని పేరు చెడింది అడ్డా మీదనే కాబట్టి ముందు అక్కడ చెప్పాలనిపించింది. కూలీలు, మేస్త్రీలు టీ తాగుతూ నిలబడి ఉన్నారు. సైదులు గురించి ఒక మాట చెప్పాలన్నాను.

"ఏ సైదులమ్మా? రాయి ఇసిరితే సైదులుకే తగులుద్ది ఇక్కడ," అన్నాడు ఒక ముసలి మేస్త్రీ.

రాడ్లు కట్టేవాడని చెప్పాను. ఊరు చెప్పాను. ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి ఆ పేరుతోనే చెప్పాల్సి వచ్చింది. ఉల్టా సైదులు. నా నోటితో. వెంటనే నలుగురికి గుర్తొచ్చింది, ఇద్దరు నవ్వారు.

"ఆ మనిషి తప్పు రాయలేదు. నాకే సదువు రాదు. వచ్చని చెప్పిన. అట్టలు నేనే కాలవెట్టిన," అన్నాను.

ఇన్నేళ్లకు చెబితే వాడికేం ఒరుగుద్దమ్మా అన్నాడు ముసలి మేస్త్రీ. ఈలోపు ట్రాలీ ఆటో వస్తే సగంమంది ఎక్కి వెళ్లిపోయారు. చాలా ఏళ్ల తరువాత ఊపిరి కడుపుదాకా దిగింది.

అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లాను. మిల్లు గేటు దగ్గర కాపలా మనిషిని సైదులును పిలవమన్నాను. ఎవరొచ్చారని చెప్పాలి అని అడిగాడు. నా పేరు చెప్పాను.