మిల్లు సేటుకు దండం

మిర్యాలగూడలో బస్సు కదిలేసరికి పొలాల మీద మంచు ఇంకా విడలేదు. నా పక్కన కూర్చున్న అమ్మాయి వెనక్కి తిరిగి ఊరి వైపు చేతులు జోడించింది. కోదాడలో ఆ రోజు తన మొదటి కచేరీ అని బస్సెక్కగానే చెప్పింది. తండ్రి వినడానికి వస్తున్నాడట. నచ్చకపోతే పాట మాన్పిస్తానన్నాడట.

"ఎవరికమ్మా దండం?" అన్నాను.

"మిల్లు సేటుకు మేడం. పాడేముందు మేమందరం పెడతం. ఆయన రైస్ మిల్లు మూతపడ్డంకనే మా సార్లు పిల్లలకు గా ఖాళీ గోదాముల పాట నేర్పుడు షురూ చేసిన్రు. మా సంస్థ పుట్టిందే గాడ. సేటు మునిగిండు, మేం తేలినం!" అని నవ్వింది.

మా ఇల్లు మునిగిన సంగతికి నా ఎదుట అంతవరకు ఎవరూ నవ్వలేదు. నిటారుగా కూర్చుని కిటికీలోంచి చూశాను. ఆమె సన్నగా రాగం అందుకుంది. తాటిచెట్లు మంచులో తేలుతూ వెళ్లిపోయాయి. వడ్ల వాసన వేసే ఆ గోదాములో ఈ గొంతు ఎలా మోగుతుందో అనుకుంటూ ఉండిపోయాను.

కోదాడలో దిగబోతూ అడిగింది: "మీది గూడ మిర్యాలగూడనే గదా, సేటు మీకెరుకనా?"

"మా నాన్న."

ఆమె నాలుక కరుచుకుంది.

"వెళ్లమ్మా. మీ నాన్న మనసు కరిగేట్టు పాడు" అన్నాను.

ఇప్పుడు ఎవరి బిడ్డవని అడిగితే, నాన్న పేరుతో పాటు, ఇన్నాళ్లూ దాచిన మిల్లు పేరూ చెబుతున్నాను.