సన్న రిమ్ముకు లావు టైరు: పాల్వంచ అడవి దారిలో ఒక ఏకాదశి

మిత్రుడు రాఘవయ్యకు చూపు పూర్తిగా పోయిన ఏడాది నుండి, ప్రతి శుద్ధ ఏకాదశికీ జూలూరుపాడు నుండి అతని ఊరికి వెళ్ళి పురాణంలో ఒక అధ్యాయం చదివి వినిపించడం నాకు నియమమైంది. ఇద్దరం ఒకే బడిలో పాఠాలు చెప్పినవాళ్ళం. నాది తెలుగు, అతనిది లెక్కలు. చూపు మందగించాక అతను ఉద్యోగం మాని, పాల్వంచ అవతల అడవి అంచున ఉన్న పొలంలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఊరికి బస్సు లేదు. నా సైకిలు ఆగిందంటే అతని పురాణం ఆగినట్లే. తొంభైల తొలి యేళ్ళలో, ఒక వైశాఖ ఏకాదశినాడు ఆ రెండూ ఆగిపోయాయనే అనుకున్నాను. ఆ దారిలో సైకిలు మీద వెళ్ళదలచినవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

పొరపాటు ముందురోజే జరిగింది. వెనుక టైరు అరిగిపోయిందని ఊళ్ళోని సైకిలు దుకాణానికి వెళ్ళాను. అంతకు ముందు ఏడాది వెనుక చక్రం పాత రిమ్ము వంగిపోతే, తేలికగా ఉంటుందని సన్నని రిమ్ము వేయించి ఉన్నాను. దుకాణదారు రెండు టైర్లు చూపాడు. ఒకటి ఒకటిన్నర అంగుళాల వెడల్పు, రెండవది ఒకటిముప్పావు. లావుపాటి దానిని చేతిలోకి తీసుకున్నాను.

“గది బస్తాలు మోసేటోళ్ళకు పంతులూ. ఎక్కుడైతే ఎక్కుతది గానీ, నీ రిమ్ము సన్నది” అన్నాడు అతను.

“రెండింటి మీదా ఇరవై ఎనిమిది అనే ఉంది కదయ్యా” అన్నాను. వెడల్పైన పాదం నిలకడకు కారణం. ఏనుగు అందుకు దృష్టాంతం. కనుక వెడల్పైన టైరు గతుకుల దారిలో నిలకడగా నడుస్తుంది. తర్కశాస్త్రంలో ఈ విధమైన అనుమానప్రమాణానికి లోటు కనబడదు. అతను లావు టైరే ఎక్కించాడు.

మరునాడు ఉదయం ఆరు గంటల బస్సు. సైకిలును బస్సుపైకి ఎక్కించి తాడుతో కట్టే బాధ్యత మనదే. దానికి నా టికెట్టులో సగం వేరుగా తీసుకున్నారు. కొత్తగూడెంలో బస్సు మారి పాల్వంచ చేరేసరికి ఎనిమిదిన్నర. బస్టాండు ఎదుట ఒక తల్లి నడిపే పూరింటి హోటల్లో గ్లాసెడు పాలు మాత్రమే అడిగాను.

“ఇడ్లీ వేడిగున్నయి, తినరాదు?” అంది ఆమె.

“ఏకాదశి తల్లీ. ఉపవాసం.”

“ఒట్టి పాలు తాగి అడివిల సైకిల్ తొక్కుతవా? దేవుడు ఒద్దన్నడా, నువ్వే ఒద్దన్నవా?” అంటూ గ్లాసు నిండా పోసి, సగం ధరే తీసుకుంది.

భద్రాచలం రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు తారు దారి. తిన్నగా పోతున్నంతసేపూ సైకిలు మెత్తగా సాగింది. నా తర్కానికి నేనే సంతోషించాను. తరువాత ఎడమవైపున ఎర్రమట్టి బాట అడవిలోకి తిరుగుతుంది. అక్కడి నుండి ఊరు ఏడు కిలోమీటర్లు. మొదటి మలుపులోనే ప్రపంచం ఒక పక్కకు జారినట్లయింది. హ్యాండిలు నా చేతిలో తిన్నగానే ఉంది. నడుము కింద మాత్రం ఏదో కుడికి, మళ్ళీ ఎడమకు ఊగింది. దిగి నిలుచున్నాను. చెట్లు కదలడం లేదు. ఎక్కాను, మరో మలుపులో మళ్ళీ ఊగింది.

నాకప్పుడు యాభై రెండేళ్ళు. సరిగా ఆ వయసులోనే మా నాన్నగారికి తల తిరగడం మొదలై, ఏడాదిలో గడప దాటలేని స్థితి వచ్చింది. ఉపవాసమా, ఎండా, వంశమా? ఒక మద్ది చెట్టు కింద కూర్చొని కళ్ళు మూసుకొని ఒక పొడుగాటి శ్లోకం చెప్పుకొన్నాను. ఒక్క అక్షరం తప్పలేదు. తల బాగుంటే ఊగుతున్నదేమిటి? గాలి తక్కువైందేమోనని పంపుతో కొట్టాను. ఊగడం కొంత తగ్గింది కానీ టైరు ఉబ్బి మడ్‌గార్డుకు ఒరుసుకోవడం మొదలుపెట్టింది. కాస్త గాలి తీశాను. ఊగడం ముందుకంటే ఎక్కువైంది. కారణానికీ కార్యానికీ సంబంధం తెలియక, చివరకు సైకిలును నడిపించుకొంటూ బయలుదేరాను.

పన్నెండు గంటల వేళ తునికాకు కల్లం వచ్చింది. అడవిలో కోసిన బీడీ ఆకును కట్టలుగా పరచి ఎండబెట్టే చోటు అది. దానిని చూసుకొనే సమ్మయ్య ఒకప్పుడు మణుగూరు బొగ్గుగనిలో పనిచేసినవాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ పలకరించేవాడు.

“ఏంది పంతులూ, సైకిల్‌ను నువ్వు తోల్కపోతున్నవా, అది నిన్ను తోల్కపోతున్నదా?” అన్నాడు.

“ఉపవాసమో ఏమో, నా తల తిరుగుతున్నది సమ్మయ్యా. ఇక సైకిలు నా వల్ల కాదేమో. రాఘవయ్యకు ఈ మాట చెప్పి రావాలి.”

నెత్తిమీది కట్టల మోపును దింపుతున్న ఒక ముసలమ్మ నా వైపు చూసి, “ఎండకు గట్లనే అయితది. ముంజలు తిను పంతులూ, ఉపాసానికేం అడ్డం లేదు” అని ఆకులో నాలుగు ముంజలు పెట్టింది. తిన్నాక సమ్మయ్య తన సైకిలు తెచ్చి నా ముందు నిలిపాడు.

“దీన్నెక్కి కల్లం సుట్టు తిరుగు.”

భయపడుతూనే ఎక్కాను. ఒక చుట్టు, రెండు చుట్లు. ఊగలేదు. మలుపులో కావాలని వేగం పెంచాను; అయినా ఊగలేదు. దిగి సైకిలు అతనికిచ్చాను. సంతోషించాలో, మరింత కలవరపడాలో తెలియలేదు.

సమ్మయ్య నా సైకిలు వెనుక చక్రం ఊడదీసి టైరు తప్పించాడు. ఒక తునికి పుల్లను రిమ్ము లోపలి అంచు నుండి అంచుకు అడ్డంగా ఆనించి, సరిగా అంత పొడవుకు విరిచాడు. అదే పుల్లను లావు టైరు మీద పెట్టి కొలిచాడు. రెండు పుల్లలు పట్టి, ఆపైన ఇంకా మిగిలింది.

“పుల్లన్నరకు ఎక్కువుండాలె, రెండు పుల్లలు దాటొద్దు. నీది దాటింది.”

“కానీ రెండింటిపైనా ఇరవై ఎనిమిది అని...”

“గది చక్రం ఎత్తు పంతులూ. ఎడల్పు సంగతి గది చెప్పదు.” ముసలమ్మ నెత్తిమీద ఇంకా ఉన్న గుడ్డ చుట్టను చూపించాడు. “గామె పెద్ద కుండ మోసేటందుకు గంత చిన్న సుట్ట పెట్టుకుంటే ఏమైతది?”

“కుండ ఊగుతది” అంది ఆమె, ఇంత మాత్రం తెలియదా అన్నట్లు.

“అవ్. నీ నెత్తి మంచిదే పంతులూ” అన్నాడు సమ్మయ్య.

దుకాణంలో ఆ మనిషి చెప్పింది ఇదే. నేను అచ్చులో కనబడిన అంకెను నమ్మి, ఎదుట చేతితో పట్టుకొన్నవాడి మాటను తోసేశాను. ప్రత్యక్షం ముందు అనుమానం నిలవదని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేనే.

కొత్త టైరు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. సమ్మయ్య నవ్వి ముందు చక్రం కూడా ఊడదీశాడు. దాని రిమ్ము పాతది, వెడల్పైనది. దానిమీద ఒకటిన్నర టైరు ఉంది. రెంటినీ తారుమారు చేశాడు. లావు టైరు వెడల్పు రిమ్ముకు, సన్న టైరు సన్న రిమ్ముకు. ముందుగా పుల్లతో కొలిచే ఎక్కించాడు. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కు తీసుకొని, నా సంచిలోని పురాణం వైపు, ఆకు పరుస్తున్న కూలీల వైపు చూసి, “గా బుక్కుల నుంచి రెండు ముక్కలు చదువు. వీళ్ళు వింటరు” అన్నాడు. చదివాను. కట్టలు పరుస్తున్న చేతులు ఆగలేదు కానీ మాటలు ఆగాయి.

మిగిలిన నాలుగు కిలోమీటర్లలో పదకొండు మలుపులు లెక్కపెట్టాను. ఏ మలుపులోనూ ఊగలేదు. మూడు గంటలకు రాఘవయ్య అరుగు ముందు దిగాను. అతను లేచి నిలబడే ఉన్నాడు.

“ఎంతసేపటి నుంచి నిలబడ్డావు?” అన్నాను.

“పది నుంచి. ఇక రావేమో అనుకున్నానోయ్. వయసు మీద పడింది కదా నీకు.”

“వయసు కాదు, వెడల్పు” అన్నాను. అర్థం కాలేదన్నాడు. సమ్మయ్య విరిచిన పుల్లను అతని చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. లెక్కల మాస్టారు కదా, వేలితో దాని పొడవు తడిమి, “నిష్పత్తి” అని ఒక్క మాట అని, “సరే, చదువు” అన్నాడు.

సన్న రిమ్ము మీద లావు టైరు పక్కకు ఎందుకు ఒరుగుతుందో ఇప్పటికీ నేను సంతృప్తిగా వివరించలేను; కుండను తలచుకొని ఊరుకుంటాను. ఒకటి మాత్రం తెలిసింది. ఆ రోజు చెడ్డ వస్తువు ఏదీ లేదు. అవే టైర్లు, అవే రిమ్ములు, అదే తల. జత మాత్రమే తప్పింది. ఆ జత కుదిరాక మరో ఆరేళ్ళు ఆ బాటన వెళ్ళాను. పురాణం పూర్తయింది, రాఘవయ్య కోరిక మీద మళ్ళీ మొదటి నుండి ఆరంభించాం.

మీరు ఆ దారిన వెళ్ళేముందు, టైరు తప్పించినప్పుడు రిమ్ము లోపలి వెడల్పుకు ఒక చీపురుపుల్ల విరిచి దగ్గర ఉంచుకోండి. టైరు పుల్లన్నరకూ రెండు పుల్లలకూ మధ్య ఉంటే బయలుదేరండి. దారిలో ఊగితే, మీ తలను శంకించేముందు మరొకరి సైకిలు ఎక్కి ఒక చుట్టు తిరిగి చూడండి.