అమ్మవారు ఊళ్లో లేరు

కుజుమి గారికి ఒకటే పిచ్చి. ఆయన దృష్టిలో గుడి గుడి కాదు, అమ్మవారు కాపురముంటున్న ఇల్లు. తాను పూజారి కాదు, ఆ ఇంటి పెద్ద పాలేరు.

ఎవరైనా గట్టిగా చప్పట్లు కొట్టి దండం పెట్టుకుంటే, ఆవిడకేం చెవుడు లేదండీ అని విసుక్కునేవారు. మధ్యాహ్నం వస్తే ఆవిడ కునుకు తీస్తున్నారని గుమ్మంలోనే ఆపేసేవారు. నైవేద్యంలో ముల్లంగి కనిపిస్తే, ఆవిడకి పడదని తీసి తానే తినేసేవారు. కొండ కింద జాలర్లు నవ్వుకుని ఊరుకునేవాళ్లు.

అసలు గొడవంతా అక్టోబరులో. దేశంలోని దేవుళ్లందరూ సమావేశానికి ఎక్కడో దూరాన ఉన్న ఇజుమో పెద్ద గుడికి వెళ్లే నెల అది. అయినా మిగతా గుళ్లలో పూజలు ఆగవు. ఈయన మాత్రం తలుపుకి తాళం వేసి, "అమ్మవారు ఊళ్లో లేరు" అని అట్ట తగిలించేవారు.

ఆ ఏడు సరిగ్గా ఆ నెలలోనే, చేపలు ఎండబెట్టే తొకువె గారి కోడలు కినుయోకి అయిదో నెల వచ్చింది. కుక్క ఈనినంత సులువుగా కాన్పు కావాలని, పంచాంగంలో కుక్క రోజు చూసి, కడుపుకి చుట్టుకునే పట్టీకి పూజ చేయించాలి. తొలిచూలు దక్కలేదు. ఈ బిడ్డయినా దక్కుతుందో లేదోనని ఆ పిల్లకి ఒకటే బెంగ.

"పూజారిగారూ, ఒక్క మంత్రం చదవండి చాలు," అని బతిమాలింది.

"ఎవరికి చదవనమ్మా, ఖాళీ ఇంటికా?"

తొకువె ఆయన్ని కడిగిపారేసింది. నీది గుండె కాదు బండరాయి అని, పట్టీ ఆయన చేతిలో కుక్కి, ఏడుస్తున్న కోడల్ని వెంటబెట్టుకుని మెట్లు దిగిపోయింది. మర్నాటికి కుజుమి గారు కూడా ఊళ్లో లేరు.

వారం తిరక్కుండానే పీక్కుపోయిన మొహంతో వాళ్ల గుమ్మంలో తేలారు. బస్సెక్కితేనే కడుపులో తిప్పే మనిషి, రైళ్లు మారి మారి ఇజుమో దాకా వెళ్లొచ్చారట. పట్టీ తీసి కినుయో చేతిలో పెట్టారు.

"అక్కడ ఒకటే రద్దీ తల్లీ. మనావిడ ఏ మూల కూర్చున్నారో అంతుపట్టలేదు. ఇక లాభం లేదని బయట నిలబడి నీ పేరూ, మీ వీధీ, పోయినసారి జరిగిందీ అంతా గొంతెత్తి చెప్పేశాను."

కినుయో పట్టీని గుండెలకి హత్తుకుంది. ఆవిడ విన్నారా అని మెల్లగా అడిగింది.

"ఆవిడ ఒక్కరేనా? కొలువులో ఉన్న దేవుళ్లందరూ విన్నారు. ఇప్పుడు నీ కాన్పు వాళ్లందరి నెత్తిన పడింది," అన్నారు కుజుమి గారు, అంతమందికి శ్రమ ఇచ్చినందుకు కాస్త నొచ్చుకుంటూ.

కినుయోకి నవ్వు ఆగలేదు. తొకువె కళ్లొత్తుకుంటూ, ముందు ఆయనకి పక్క వెయ్యరా అని కొడుకుని కేకేసింది.