సర్దుబాటు సారు స్టూలు

పింఛను ఆఫీసులో మూడో కౌంటరు వెనక ముప్పై నాలుగేళ్లు కూర్చున్న గుమాస్తాని జనం సర్దుబాటు సారు అనేవారు. ముద్దుపేరు అనుకుంటే పొరపాటే. పింఛను చాలడం లేదని ఎవరొచ్చి మొరపెట్టుకున్నా ఆయన దగ్గర ఒకటే మందు: "కాస్త సర్దుకోండి." ఎలా సర్దుకోవాలో కూడా ఉచితంగానే చెప్పేవాడు. చిన్న గదిలోకి మారండి, పన్ను మరీ సలిపితేనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఈ వయసులో కొత్త చెప్పులెందుకు. లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒకావిడనైతే పేపరు మానేయమన్నాడు.

"వార్తలు తెలుసుకుని మీరేం చేస్తారమ్మా?"

ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఆయన మొహం ఒకసారి బాగా చూసి వెళ్లిపోయింది.

ఇంతమందికి ఇన్ని ఉపదేశాలు చేసిన మహానుభావుడు తానూ ఒకనాడు రిటైరయ్యాడు. మూడు నెలలు తిరక్కుండానే తన మందు తన ఇంట్లో పనిచేయదని తెలిసొచ్చింది. కరెంటు బిల్లు, భార్య షుగరు మాత్రలు, కూరగాయలు అయ్యేసరికి అద్దె దగ్గర చతికిలబడేవాడు.

"ఊరందరికీ చెప్పారుగా, ఆ సర్దుకోవడమేదో మనకీ చెప్పండి" అంది భార్య, బట్టలు మడతపెడుతూ. సారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు.

పాత ఆఫీసుకే వెళ్లి, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన ఆఫీసరు ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆయన దయతలచి వరండాలో ఒక స్టూలు వేయించాడు. వచ్చినవాళ్లకి దరఖాస్తులు నింపిపెట్టాలి, నెలకి ఇంత అని ఆఫీసు ఇస్తుంది. వీపు ఆనించే చోటు కూడా లేని ఆ స్టూలే సారు ఇంటి అద్దె కట్టేది.

కొన్నాళ్లకి ఆఫీసరు పిలిచాడు. "పింఛనుదారుల సభ పెడుతున్నాం సార్. పింఛనుతో హాయిగా బతకొచ్చని నాలుగు ముక్కలు మాట్లాడండి. మీకంటే బాగా ఎవరు చెప్తారు?" అని, కిటికీలోంచి వరండాలోని స్టూలు వైపు ఒకసారి చూశాడు. అంతకంటే విడమరిచి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అంటే, పింఛను చాలదు కాబట్టి, పింఛను చాలుతుందని చెప్పాలి. సారు చెప్పాడు. అబద్ధంలో మాత్రం ఆయన పొదుపు పాటించలేదు. "చాలడమేంటి, మిగులుతుంది కూడా" అన్నాడు మైకులో.

హాల్లో మూడో వరసలోంచి లైబ్రరీ ఆవిడ లేచింది.

"మరి రోజూ వరండాలో స్టూలు మీద ఎందుకు కూర్చుంటున్నారు సార్?"

సారు ఆఫీసరు వైపు చూశాడు. "ఇంట్లో తోచక అమ్మా. ఊరికే, కాలక్షేపానికి."

"అలాగా. నాకు కాలక్షేపం అక్కర్లేదు, గది అద్దె కావాలి. నా చేతిరాత బాగుంటుంది. ఆ స్టూలు నాకిప్పించండి."

హాలంతా చప్పట్లు. పేపరువాళ్లు కూడా రాసుకుంటున్నారు. ఆఫీసరు, పోయేది తన సొమ్ము కాదు కనక, "దానికేం భాగ్యం, సారుది పెద్ద మనసు" అనేశాడు. పెద్ద మనసుగల సారు మొహానికి నవ్వు పులుముకుని తలూపాడు. సరిగ్గా అప్పుడే ఫొటో తీశారు.

మళ్లీ ఒకటో తారీఖు వచ్చింది, దాంతోపాటే ఇంటి యజమానీ వచ్చాడు. ఆ మర్నాడు సారు అదే వరండాలో, అదనపు సాయం కోరే దరఖాస్తు పట్టుకుని వరసలో నిలబడ్డాడు. స్టూలు మీద లైబ్రరీ ఆవిడ కూర్చుని ఉంది. ఇప్పుడు మళ్లీ పేపరు వేయించుకుంటోందట. రాయడానికి అట్ట లేక, సభ మర్నాటి పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంది. అందులోంచి సారు నవ్వుతున్నాడు. కింద పెద్దక్షరాలతో 'మిగులుతుంది కూడా' అని ఉంది.

ఆవిడ దరఖాస్తుని ఆ నవ్వు మీదే పరిచి కలం తీసింది.

"కారణం రాయాలి సార్. ఏం రాయమంటారు?"

దెప్పడానికి అడగలేదు, ఆ గడి నింపాలి కాబట్టి అడిగింది. అదే ఆయనకి ఎక్కువ తగిలింది. వెనక వరసలో జనం చూస్తున్నారు.

"సర్దుకోలేకపోతున్నానని రాయండమ్మా" అన్నాడు.

ఆవిడ గుండ్రటి అక్షరాలతో అలాగే రాసింది.