మాస్టారికి మేం తొడిగిన కోటు

మా ఫ్లెక్సీ కొట్లో కంప్యూటర్ తెరిస్తే మొదట కనిపించే ఫోల్డర్ పేరు 'బాడీలు'. అందులో అందరూ తలల్లేని మనుషులే. గుర్రం మీద కత్తి పట్టుకున్న రాజు, సింహాసనం మీద కాలు మీద కాలేసుకున్న రాజు, సూటువాడు, పట్టుపంచెవాడు, భుజాల నిండా నక్షత్రాలున్న సైనికాధికారి. పుట్టినరోజు వచ్చినవాడు వాట్సాప్‌లో పాస్‌పోర్టు ఫొటో పంపిస్తాడు. నేను మెడ దగ్గర కత్తిరించి, అతనికి నచ్చిన ఒంటికి అతికిస్తాను. మా ఆయన దాన్ని అచ్చు వేసి, కర్రలకు బిగించి, సెంటర్లో నిలబెట్టి వస్తాడు. పొదిలి చుట్టుపక్కల ఎండకి నల్లబడ్డ పొగాకు రైతులు చాలామందిని నేను గుర్రం ఎక్కించాను. పోయినవాళ్ళకు మాత్రం ఎప్పుడూ ఒకటే ఒళ్ళు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. బతికుండగా అలాంటి చొక్కా తొడగనివాళ్ళకు కూడా అదే తొడుగుతాను. ఇంట్లోవాళ్ళు చూసి, ఏడుస్తూనే, బాగుందమ్మా అంటారు. ఈ పనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, ఒక్కసారి తప్ప.

మా హైస్కూల్లో సోషల్ చెప్పిన మాస్టారు, తిరిగి తిరిగి అక్కడికే హెడ్మాస్టరుగా వచ్చి, మార్చి నెలాఖరున రిటైరవుతున్నారు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు జర్మనీ నియంత పేరు. ఈ రాతలో ఎవరి పేరూ రాయకూడదని పెట్టుకున్నాను. ఇంతమంది మంచివాళ్ళకు లేని మర్యాద వాడికెందుకు? ముక్కు కింద రెండు వేళ్ళ మీసం వాడంటే తెలియనివాళ్ళు లేరు. మా వైపు అది తిట్టు కాదు. ఎదురుమాట పడనివ్వని తండ్రి, కోడి కూయగానే ఇల్లంతా లేపే మామగారు, హాస్టల్ వార్డెను, బస్సు కండక్టరు, అందరికీ అదే పేరు. మా నాన్న పెద్ద ఫలానా అని చెప్పేటప్పుడు ఆ గొంతులో గర్వం వినాలి.

మాస్టారి చేతిలో బెత్తం ఉండేది. హోంవర్కు రాయకపోతే అరచేతి మీద రెండు. మిరప కోతల రోజుల్లో మేం పొద్దున్నే చేలోకి పోయి రెండు సాళ్ళు కాయ కోసి, చేతులు భగభగమంటుంటే బడికి పరిగెత్తేవాళ్ళం. ఆ చేతి మీద దెబ్బ పడితే ఎలా ఉంటుందో మాస్టారికి తెలుసు, ఆయనదీ రైతు ఇల్లే. అందుకని బెత్తం ఎత్తాక ఆగి, "కాయ కోసొచ్చావా?" అని అడిగేవారు. అవునంటే బెత్తం దించేసి, "అయితే కోతలయ్యాక" అనేవారు. గండం గడిచిందని సంబరపడేవాళ్ళం. ఏప్రిల్లో ఆయన ఎవర్నీ మర్చిపోకుండా, పేరుపేరునా పిలిచి కొట్టేవారు. ఆయన దయ కూడా టైంటేబుల్ ప్రకారమే ఉండేది.

సన్మానం కమిటీకి పెద్ద మా క్లాసువాడే. ఇప్పుడు పురుగుమందుల కొట్టు నడుపుతున్నాడు. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను.

"మాస్టారికి రాజు బాడీ వద్దు చెల్లెమ్మా. ఊళ్ళో ప్రతివాడికీ అదేగా. ఆయనకి ఆయన బాడీయే పెట్టు."

"ఆయన బాడీ ఏంటి అన్నయ్యా?"

"అదేనమ్మా, జర్మనీవాడిది. కోటూ బూట్లూ, చెయ్యి ముందుకి చాపి. సెంటర్లో నిలబెడితే అదిరిపోద్ది."

నాకూ నచ్చింది. దాచుకోవడమెందుకు, తెగ నవ్వుకుంటూ చేశాను. నెట్‌లో వెతికితే కోటు దొరికింది, మాస్టారి తల దాని మీద కొలిచి కుట్టినట్టు కూర్చుంది. చేతి పట్టీ మీద స్వస్తిక్ చూసి అన్నయ్య మొహం చిట్లించాడు.

"గుర్తు ఒరిగిపోయిందేంటమ్మా? పైగా నల్లగా ఉంది. శుభమా అని ఫంక్షన్ చేసుకుంటుంటే!"

నేను దాన్ని నిలువుగా తిప్పి, కుంకుమ రంగు వేసి, నాలుగు గళ్ళలో నాలుగు చుక్కలు పెట్టాను, మా గడప మీద పెట్టుకున్నట్టే. మీసం కూడా పెట్టమన్నాడు. ససేమిరా అన్నాను. మాస్టారికి మీసం బాగుండదు. మొత్తం వ్యవహారంలో నేను చెప్పిన అభ్యంతరం అదొక్కటే.

పైన 'మా ప్రియతమ నియంతకు పాదాభివందనాలు' అని రాశాం. కింద నాలుగు వరసల్లో కమిటీవాళ్ళ ఫొటోలు. ఫంక్షన్ ఇంకా నాలుగు రోజులుందనగా మా ఆయన హైస్కూలు సెంటర్లో కట్టి వచ్చాడు. నేను ఫొటో తీసి పాత విద్యార్థుల గ్రూపులో పెట్టాను.

గుంటూరులో కాలేజీలో పాఠాలు చెప్పే మా క్లాసమ్మాయి ఒకతి ముందుగా జవాబు రాసింది. "దయచేసి తీసేయండి. ఆ కోటు వేసుకున్నవాళ్ళు పసిపిల్లల్ని కూడా గదుల్లో పెట్టి చంపారు. వేషానికైనా అది వేసుకునేది కాదు" అని. ఇక చూడండి. వాడు మన పొదిలి వచ్చి ఎవరినైనా చంపాడా అని ఒకడు. సినిమాలో వేస్తే నవ్వుతారు, మనం వేస్తే తప్పొచ్చిందా అని ఇంకొకడు. ఎక్కువ చదివితే ఇంతే అని మూడోవాడు. ఒకాయన జర్మనీ కార్లు ఎంత గట్టివో చెబుతూ వాయిస్ మెసేజ్ పెట్టాడు. సాయంత్రానికి అసలు గొడవ బయటపడింది. నాలుగో వరసలో ఉన్నాయన ఫొటో, రెండో వరసలో ఉన్న ఆయన తోడల్లుడి ఫొటో కంటే చిన్నదిగా పడిందట. ఇది తమ కుటుంబానికి అవమానమట. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు. మర్నాడు నేను ఫొటోలన్నీ ఒకే కొలతకు తెచ్చి మళ్ళీ అచ్చు వేశాను. మనోభావాలు శాంతించాయి. కోటు ఎక్కడిదక్కడే ఉంది. గుంటూరు అమ్మాయి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆమె తరఫున నేను ఒక్క ముక్క రాయలేదు. రాయాలని తెలుసు, కమిటీతో తగువెందుకని ఊరుకున్నాను.

మరుసటి రోజు పొద్దున మాస్టారు మా కొట్టుకు వచ్చారు. గొడుగు మడిచి గుమ్మం పక్కన ఆనించి, స్టూలు మీద కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"సెంటర్లో ఆ కోటు ఎవరిదమ్మాయ్?"

నలభై దాటినదాన్ని, చప్పున లేచి నిలబడ్డాను. చెప్పాను.

"వాడేం చేశాడు?"

టెన్త్‌లో నాలుగు మార్కుల ప్రశ్న అది. నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "అధికారమునకు వచ్చి ప్రతిపక్షములను నిషేధించెను. రెండవ ప్రపంచ యుద్ధమునకు కారకుడయ్యెను. అరవై లక్షల మంది యూదులను..." అక్కడ ఆగిపోయాను. చదువుకునే రోజుల్లో అరవై లక్షలంటే తప్పు రాస్తే మార్కు పోయే అంకె. ఇప్పుడు ఆ కోటు తొడిగిన మనిషే ఎదురుగా కూర్చుని వింటుంటే, తర్వాత మాట నోట్లోంచి రాలేదు.

"ఈ పాఠం మీకెవరు చెప్పారు?"

"మీరే మాస్టారూ."

"బాగానే చెప్పినట్టున్నాను," అన్నారు. "నాకా పేరుందని తెలుసమ్మాయ్. గోడల మీద రాసేవాళ్ళుగా. నవ్వుకునేవాణ్ణి. అబద్ధమెందుకు, కాస్త గొప్పగా కూడా ఉండేది. నిన్న ఆ కోటులో నా మొహం చూసుకున్నాను. ముప్పై ఆరేళ్ళు పాఠం చెబితే మీకు మిగిలింది ఇదేనా? నేను మీకు అలా కనపడ్డానా?"

"ప్రేమతోనే చేశాం మాస్టారూ."

"అది తెలుసులే. తెలుసు కాబట్టే వచ్చాను."

నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. దాంతోపాటే, ఎక్కణ్ణించో కోపం కూడా తన్నుకొచ్చింది. కోటు మేం తొడిగాం సరే, బెత్తం మేం ఇచ్చామా? ఆ మాట అనలేదు. అనే ధైర్యం మాకు ఆయన నేర్పలేదు.

"వేరేది చేస్తాను మాస్టారూ, మీ ఫొటో ఉంటే ఇవ్వండి, మీ ఒంటితో సహా," అన్నాను.

ఆయన పర్సులో పాస్‌పోర్టు ఫొటో తప్ప ఏమీ లేదు. ఆలోచిస్తే, మా ఇంట్లో పదో తరగతి గ్రూపు ఫొటో ఉందని గుర్తొచ్చింది. మా ఆయన్ని పంపి తెప్పించి, స్కాన్ చేసి తెర మీద పెద్దది చేశాను. మధ్యలో కుర్చీలో మాస్టారు, నల్లటి జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, కుడిచేతిలో బెత్తం. వెనక రెండో వరసలో నేను, రెండు జడలతో. ఆడపిల్లలం అందరం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాం.

"పెద్దది చేస్తే మసకగా వస్తుంది మాస్టారూ."

"రానీ. నాదేగా." దగ్గరకు వంగి చూశారు. గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగారు. "ఆ కర్ర తీసేయగలవా అమ్మాయ్?"

అదెంత పని. కింద పంచె తెలుపు, వెనక గోడ రంగు తీసి, బెత్తం మీద పూసుకుంటూ పోయాను. రెండు నిమిషాల్లో బెత్తం మాయమైంది. పిడికిలి మాత్రం అలాగే ఉంది. ఏమీ లేనిదాన్ని అంత గట్టిగా పట్టుకున్న పిడికిలి. బెత్తం ఉన్నప్పుడే నయం, ఇప్పుడు చూపంతా అక్కడికే పోతోంది. నా ఫోల్డర్లో అన్ని ఒళ్ళున్నాయి గానీ, ఆ వేళ్ళకు సరిపడే తెరిచిన చెయ్యి ఒక్కటీ లేదు. వెతికాను కూడా.

మాస్టారు ఒళ్ళో ఉన్న తన కుడిచేతిని ఒకసారి తెరిచి మూశారు.

"వద్దులే. ఉన్నదున్నట్టే వెయ్యి," అన్నారు.

చెరిపింది వెనక్కి తెచ్చే మీట నొక్కాను. బెత్తం వచ్చి ఆయన చేతిలో కూర్చుంది.

ఫంక్షన్ రోజుకు సెంటర్లో కోటు పోయి కుర్చీ వచ్చింది. అన్నయ్యకు నచ్చలేదు. "కళ లేదు చెల్లెమ్మా," అన్నాడు. శాలువాలు, దండలు, ఉపన్యాసాలు అయ్యాక అతనే ఒక ముచ్చట తీశాడు. కొత్త బెత్తానికి పట్టు రిబ్బన్లు చుట్టించి తెచ్చి మాస్టారి చేతిలో పెట్టి, ఆఖరిసారిగా అందరికీ తలా ఒక దెబ్బ తగిలించాలన్నాడు. మైకులో పిలిచేసరికి లైను కట్టారు. పొట్టలొచ్చినవాళ్ళు, మనవళ్ళున్నవాళ్ళు, అరచేతులు చాపి, రెండో చేత్తో సెల్ఫీకి ఫోను పైకెత్తి.

ఎవరి కళ్ళలో చూసినా ప్రేమే. మాస్టారి మొహంలో నెత్తురు లేదు. ముందున్నవాళ్ళకు రిబ్బను తగిలీ తగలనట్టు ఆనించి పంపించారు. నా వంతు వచ్చింది. చెయ్యి చాపాను. ఆయన నన్ను చూసి, నా అరచెయ్యి చూసి, బెత్తం ఎత్తకుండానే ఆగారు.

"కాయ కోసొచ్చావా?"

నేను మిరప చేలో దిగి ఇరవై ఏళ్ళు దాటింది. నా చేతులకు అంటేది ఫ్లెక్సీ మిషను ఇంకు.

"కోసే వచ్చాను మాస్టారూ," అన్నాను.

"అయితే కోతలయ్యాక," అని, ఆయన బెత్తం బల్ల మీద పెట్టేశారు.

నా వెనకాల ఫోను ఎత్తిపట్టుకుని పురుగుమందుల కొట్టు అన్నయ్య ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క కాయ కోసినవాడు కాదు. బల్ల మీద బెత్తాన్ని చూశాడు, మాస్టారి ఖాళీ చెయ్యి చూశాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నేనూ కోసే వచ్చాను మాస్టారూ," అన్నాడు.