తెరవని పాఠకురాలు

నవలమ్మ ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులకు జవాబులు రాయడం. కుళాయి రాలేదని ఒకరు, వచ్చిందిగానీ బురద వచ్చిందని మరొకరు మొరపెట్టుకుంటే, "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది" అని అందరికీ ఒకటే ముక్క పంపుతుంది. దాన్ని ఎవరూ చదవరని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఒక్కనాడు నొచ్చుకోలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి నవలలు రాసుకుంటుందని ఆఫీసువాళ్ళు నవలమ్మ అని పేరు పెట్టారు. వాళ్ళు వెటకారానికే పెట్టారు గానీ, ఆమె బిరుదులా పుచ్చుకుంది.

నవలలు నాలుగు అచ్చయ్యాయి. వాటిని కొన్నవాళ్ళకంటే మొహమాటానికి పుచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. అయితే ప్రతి ఆదివారం పాఠకులకు ఆమె మెయిల్లో పంపే ఉత్తరం సంగతి వేరు. అందులో కథా ఉండదు, నీతీ ఉండదు. వానకు ఉబ్బి బిగుసుకుపోయిన కిటికీ రెక్క, ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మొగుడు ఇంట్లో ఫ్యాను జోలికి మాత్రం వెళ్ళకపోవడం, ఆఫీసులో మంచి కుర్చీ కోసం జరిగే కుతంత్రాలు, అంతే. బాగుండేది. ఆమె పేరు చెప్పి మెచ్చుకోవాలంటే మెచ్చుకోదగ్గది అదొక్కటే. ఆ ఉత్తరం ఎవరి కోసం రాస్తోందో ఆమెకూ మొగుడికీ తెలుసు. ఇద్దరూ పైకి అనరు. అది అక్క కోసం.

అక్క ఆమెతో మాటలు మానేసి ఏళ్ళయింది. తప్పు నవలమ్మదే. రెండో నవలలో, తండ్రి పోయిన ఇంట్లో అందరూ ఏడుస్తుంటే బీరువా తాళాలు వెతికే పెద్దకూతురు ఒకత్తి ఉంటుంది. జుట్టు ముడి దగ్గర్నుంచి దగ్గు దాకా అంతా అక్కే. ఇదేమిటే అని అడిగితే, "పాత్ర వేరు, మనిషి వేరు అక్కా" అంది. అయినవాళ్ళ పరువు తీసి చేతులు దులుపుకోవడానికి రాసేవాళ్ళంతా దాచుకునే మాట అది. అక్క ఆ పుస్తకాన్ని బల్లమీద పెట్టి, "ఇంక నీ మొహం చూడను" అని వెళ్ళిపోయింది. అన్నమాట మీద నిలబడింది కూడా. చుట్టాలింటికి చెల్లెలు పొద్దున వస్తుందని తెలిస్తే తను సాయంత్రం వెళ్ళేది.

కానీ ఉత్తరాల జాబితాలోంచి పేరు మాత్రం తీయించుకోలేదు. ప్రతి ఉత్తరం అడుగునా "ఇక వద్దు" అనే మీట ఉంటుంది. అక్క దాన్ని ఏనాడూ నొక్కలేదు. తిట్టుకుంటూనైనా చదువుతోందిలే అని నవలమ్మ సంబరపడేది. అక్కాచెల్లెళ్ళ మధ్య మిగిలింది ఆ ఒక్క దారమే.

ఇంతలో సలహాల రచయిత తగిలాడు. ఆయన రాసింది ఒక్క పుస్తకం. ఇచ్చిన సలహాలు అచ్చేస్తే ఇల్లు నిండుతుంది. రచయితల సమావేశంలో, ఉత్తరాలు పంపడానికి నవలమ్మ వాడే సైటు పేరు విని, తెగిన చెప్పుల్తో పెళ్ళికొచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు.

"ఇంకా అందులోనే ఉన్నారా మేడమ్? పాఠకులెవరో తెలియకుండా ఎలా రాస్తున్నారు? కొత్తదానికి మారిపోండి. ఎవరు తెరిచారో, ఎన్నిసార్లు తెరిచారో అన్నీ చూపిస్తుంది."

పాత సైటు ఏమీ చూపించేది కాదు. పంపితే వెళ్ళేది, అంతే. నవలమ్మ సెలవు పెట్టి మరీ కొత్త సైటుకు మారింది. పాత చిరునామాలన్నీ దించి కొత్తదాంట్లోకి ఎక్కించింది. ఇదివరకు ఉత్తరం పైన బొటనవేలంత ఫొటో ఉండేది. "మీ ఫొటో పెద్దదిగా పెట్టండి, పాఠకులకు దగ్గరవుతారు" అని సైటు చెప్పగానే స్టూడియోకి వెళ్ళి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తీయించుకుంది. మొగుడు చూసి, "పన్ను నొప్పా?" అన్నాడు.

అప్పట్నుంచి ఆదివారాలకు తెగులు పట్టింది. తెరిచినవాళ్ళ పక్కన పచ్చ చుక్క, తెరవనివాళ్ళ పక్కన బూడిదరంగు చుక్క. నవలమ్మ అన్నం ముందు కూర్చున్నా ఫోనులో చుక్కలు చూసుకునేది. నోరు మెదపని పాఠకులను దొంగల్ని పట్టుకున్నట్టు పట్టుకునేది. ఆఫీసులో ఉత్తరం బాగుందని పొగిడిపోయిన పై అధికారి చుక్క బూడిదరంగని తేలాక, ఆయన పొగడ్తకు మొహం మాడ్చుకుంది. ఇంట్లో మొగుడు కూడా దొరికిపోయాడు.

"పక్కనే ఉండి నా ఉత్తరం తెరవలేదా మీరు?"

"రాసేటప్పుడే పైకి చదువుతావుగా. మళ్ళీ తెరవడమెందుకు?"

ఆ పూట అలిగింది. చుక్కల కోసం రాత మార్చింది. కిటికీలు, కుర్చీలు పోయాయి. "ఇది చదవకపోతే నష్టపోతారు", "మీరు రోజూ చేస్తున్న తప్పు ఇదేనా?" లాంటి శీర్షికలు వచ్చాయి. సలహాల రచయిత భేష్ అన్నాడు. ఆయన భేష్ అన్నప్పుడైనా ఆమెకు అనుమానం రావలసింది.

అక్క చుక్క మాత్రం బూడిదరంగే. మొదటి వారం ఊళ్ళో లేదేమో అనుకుంది. తర్వాత ఒంట్లో బాగోలేదేమో అనుకుంది. ఏ వారమూ చుక్క రంగు మారకపోయేసరికి గుండెలో ముల్లు దిగింది. ఇన్నేళ్ళూ గోడకు చెప్పుకున్నానా, అక్క నా ఉత్తరాన్ని చెత్తకింద వదిలేసిందా అని కుమిలిపోయింది. కుమిలిపోయినప్పుడు ఫోను చేసి అడగవచ్చు. అది మనుషులు చేసే పని. నవలమ్మకు బాధ కలిగితే అది కాసేపట్లోనే కోపమైపోతుంది.

సైటు తేనె పూసిన భాషలో, "నిద్రపోతున్న పాఠకులను తొలగిస్తే మీ జాబితా ఆరోగ్యంగా ఉంటుంది" అంది. బూడిదరంగు చుక్కలవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళందరినీ ఉంచింది, మొగుడితో సహా. అక్క పేరొక్కటే ఎంచుకుని తొలగింపు మీట నొక్కింది. "ఖాయమేనా?" అని అడిగింది సైటు. ఖాయమే అని నొక్కింది.

తర్వాతి ఆదివారం బావ ఫోను చేశాడు. అక్క మాట మానేశాక ఆయన కూడా ఫోను చెయ్యలేదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఫోనులో కూడా చివరి సీటు దాకా వినబడేలా మాట్లాడతాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉన్నాను బావా."

"మరి ఉత్తరం రాలేదేం? పొద్దుట్నుంచీ మీ అక్క నా ఫోను లాక్కుని కూర్చుంది."

నవలమ్మకు అర్థం కాలేదు. "అక్క చదవదు కదా బావా. ఒక్కటి కూడా తెరిచినట్టు లేదు."

"తన మెయిలు నా ఫోనులోనే ఉంది, చదివేది నేను, వినేది తను. ఒక్క ఆదివారం మానలేదు. నీ ఫొటో వస్తుంది కదా పైన, అందుకని మొదట్లోనే బొమ్మలు రాకుండా పెట్టించింది. మొహం చూడనంది కాబట్టి చూడదట. విననని ఎప్పుడన్నాను అంటుంది."

పైన ఫొటో కనబడితేనే తెరిచినట్టు లెక్కట ఆ సైటుకి. సహాయం పేజీలో ఎక్కడో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. నవలమ్మ ఫోను చెవికి ఆనించుకునే కంప్యూటరు ముందు కూర్చుని, అక్క పేరు మళ్ళీ ఎక్కించబోయింది. సైటు ఒప్పుకోలేదు. తీసేసిన మనిషి తనంతట తానే వచ్చి అడగాలంది. అక్క ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు.

బావ అవతల తనకు తోచింది చెప్పుకుపోతున్నాడు. "నాకు తెలుసులేమ్మా, ఆ మిషనే ఎగరగొట్టి ఉంటుంది. మా పెన్షను ఆఫీసులోనూ ఇంతే, బతికున్నవాళ్ళ పేర్లే ఎగిరిపోతాయి. మీ అక్కకీ పొద్దున అదే చెప్పాను."

ఎంత సుఖమైన మాట. సాంకేతిక కారణాల వల్ల జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అని ఆఫీసు నోటీసుల్లో వేసే వాక్యం నాలుక చివర సిద్ధంగా ఉంది. ఊఁ అంటే సరిపోయేది. ఆమె ఊఁ అనబోయింది కూడా. కానీ పాత్ర వేరు మనిషి వేరు అని ఒకసారి తప్పించుకున్నందుకు అక్క దూరమైంది. మళ్ళీ అలాంటి మాటే ఆడడానికి సిగ్గేసింది.

"మిషను కాదు బావా. నేనే తీసేశాను. చదవట్లేదని కోపమొచ్చి."

అవతల వెనకనుంచి దగ్గు వినబడింది, ఆ తర్వాత గొంతు.

"ఏమంటోంది?"

"తనే తీసేసిందట. కోపంతో."

నవలమ్మ కుర్చీ అంచు పట్టుకుంది.

"మిషను తీసేసిందేమోనని పొద్దుట్నుంచీ ఏడుస్తున్నాను," అంది అక్క. "మిషనుకి నేనెవరో ఏం తెలుసు. చెల్లెలే కోపంతో తీసేసిందంటే దానికి నేనింకా గుర్తున్నట్టే. ఆ ఫోను పెద్దగా పెట్టండి. ఉత్తరం రాసే ఉంటుందిగా, చదవమనండి."

నవలమ్మ ఆ వారం పంపిన ఉత్తరం తెరిచింది. పైన గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న తన మొహం, దాని కింద "మీ జీవితాన్ని మార్చే చిన్న రహస్యం" అని శీర్షిక. పైనుంచి కిందిదాకా వెతికింది. అక్క ముందు పైకి చదవగలిగిన వాక్యం ఒక్కటి లేదు.

"ఇది బాగోలేదక్కా," అంది.

"తెలుసులే," అంది అక్క. "ఈ మధ్య వచ్చినవేవీ బాగోలేవు. అయినా చదువు."